అప్పుకు ఏ ఆస్తి హామీ? వ్యాపార రుణాల్లో సర్ఫేసీ పరిధిలోకి వచ్చేవి, రానివి

మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు ఉందనుకోండి. ధాన్యం, బియ్యం నిల్వల మీద బ్యాంకులో సీసీ లిమిట్, అంటే అవసరం మేరకు వాడుకునే క్యాష్ క్రెడిట్ అప్పు ఉంది. రంగు మారిన బియ్యం ఏరే సార్టెక్స్ మెషీన్ కోసం టర్మ్ లోన్ తీసుకున్నారు. ఈ రెండింటికీ మిల్లు స్థలం, టౌన్‌లో ఉన్న ఇల్లు తాకట్టు పెట్టారు. లారీ మీద ఫైనాన్స్ కంపెనీ అప్పు ఉంది. సీజన్‌లో చేతిలో డబ్బు ఆడక ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టారు. అదీ చాలక బయట వడ్డీకి తెచ్చి, అందుకు మూడెకరాల పొలానికి సేల్ అగ్రిమెంట్ రాసిచ్చారు. బ్యాంకు కాగితాల మీద ఓనరు భార్య, తమ్ముడు ష్యూరిటీ సంతకాలు పెట్టారు.

ఇంట్లోవాళ్లని అడిగితే అన్నీ తాకట్టులో ఉన్నాయంటారు. చట్టం అలా ఒకే గాటన కట్టదు. ఈ కాగితాల్లో కొన్నింటి మీద బ్యాంకు సర్ఫేసీ అనే చట్టం కింద కోర్టు గడప తొక్కకుండానే ఆస్తి స్వాధీనం చేసుకోగలదు. కొన్నింటి మీద దావా వేయక తప్పదు. కొన్నింటిలో అసలు ఆస్తి మీద హక్కే పుట్టలేదు. వాయిదాలు ఆగిపోయాక ఈ తేడా తెలుసుకుని లాభం తక్కువ. తెలుసుకోవాల్సింది సంతకం పెట్టేటప్పుడు.

2002కు ముందు తాకట్టు ఆస్తి అమ్మించాలంటే బ్యాంకు సాధారణంగా సివిల్ కోర్టులో డిక్రీ తెచ్చుకోవాలి. 1993 చట్టంతో రుణ వసూలు ట్రిబ్యునళ్లు, అంటే డీఆర్‌టీలు వచ్చాయి. అయినా బ్యాంకే కేసు వేయాలి, బ్యాంకే ఎదురుచూడాలి. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ఈ వరసను తిరగేసింది. ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అయ్యాక బ్యాంకు సెక్షన్ 13(2) కింద 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. ఆ నోటీసు మీద అభ్యంతరం రాసి పంపితే 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువులోగా బాకీ కట్టకపోతే ఆస్తి స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. ఇప్పుడు కోర్టు మెట్లెక్కాల్సింది అప్పు తీసుకున్నవారు. సెక్షన్ 17 కింద 45 రోజుల్లో డీఆర్‌టీకి వెళ్లాలి. మొదట్లో అలా వెళ్లాలంటే బాకీలో 75 శాతం ముందే డిపాజిట్ చేయాలన్న నిబంధన ఉండేది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టి, ఆ ఒక్క నిబంధనను కొట్టేసింది.

ఇంత అధికారం ఇచ్చే చట్టం ఏ లావాదేవీలకు వర్తిస్తుందో ప్రతి వ్యాపారికీ తెలిసి ఉండాలి. మన దగ్గర దీనికి ఒకే చోట జవాబు దొరకదు. స్థిరాస్తి తాకట్టుకు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, వస్తువును అప్పిచ్చినవారి చేతికే ఇచ్చే కుదువకు 1872 నాటి కాంట్రాక్టు చట్టం, కంపెనీల ఆస్తులకు కంపెనీల చట్టం, బండ్లకు మోటారు వాహనాల చట్టం, వీటన్నింటి పైన సర్ఫేసీ. అయితే వీటన్నింటి అడుగునా ఉన్న ప్రశ్న ఒకటే. అప్పు తీరుతుందన్న హామీగా, ఒప్పందం ద్వారా, ఒక ఆస్తి మీద అప్పిచ్చినవారికి హక్కు పుట్టిందా? ఇందులో ఏ ముక్క లోపించినా ఆ లావాదేవీ ఈ పరిధి దాటి బయటికి పోతుంది.

దస్తావేజులు బ్యాంకులో ఇస్తే చాలు

మిల్లు స్థలం, ఇల్లు నిస్సందేహంగా సర్ఫేసీ కిందికి వస్తాయి. ఇక్కడ జనం గమనించనిది ఏమిటంటే, తాకట్టుకు ప్రతిసారీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అప్పుకు హామీగా ఉండాలన్న ఉద్దేశంతో ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకుకు అప్పగిస్తే చాలు, ఈక్విటబుల్ మార్ట్‌గేజ్ అయిపోయినట్టే. 1882 చట్టం ఈ పద్ధతిని కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లోనూ, ప్రభుత్వాలు నోటిఫై చేసిన ఇతర పట్టణాల్లోనూ అనుమతించింది. ఆ పట్టణంలో దస్తావేజులు అప్పగిస్తే సరిపోతుంది, ఆస్తి అక్కడే ఉండాలని లేదు. ఊళ్లో ఇంటి కాగితాలు నోటిఫై అయిన పట్టణంలోని బ్రాంచిలో ఇచ్చినా తాకట్టు చెల్లుతుంది.

ఇలాంటి తాకట్టుకు రాసుకున్న పత్రం రిజిస్టర్ కాకపోతే అది ఈసీలో, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో కనిపించదు. ఈసీ శుభ్రంగా ఉందని ఆస్తి కొన్నవాళ్ల ఇంటి గోడకు కొన్నాళ్లకు బ్యాంకు పాజెషన్ నోటీసు అంటించడం వెనక తరచూ ఉండే కారణం ఇదే. ఈ లోపాన్ని పూడ్చడానికే 2011లో సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ మొదలైంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

మిల్లులో ఉన్న ధాన్యమంతా మిల్లుది కాదు

నిల్వల మీద ఇచ్చే సీసీ లిమిట్ హైపోథికేషన్. సరుకు మిల్లు చేతిలోనే ఉంటుంది. రోజూ వస్తుంది, మరపట్టి బియ్యంగా పోతుంది, మళ్లీ వస్తుంది. బ్యాంకు హక్కు ఏ ఒక్క బస్తా మీదా కాదు, ఏ రోజుకు ఆ రోజు ఉన్న సరుకు మీద. రేపు రాబోయే సరుకు కూడా ఇందులోకి వస్తుందని చట్టమే చెబుతోంది. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ అడిగేది, దాన్నిబట్టి డ్రాయింగ్ పవర్, అంటే ఎంత వరకు డబ్బు తీసుకోవచ్చో లెక్కకట్టేది అందుకే. సార్టెక్స్ మెషీన్‌ది కూడా హైపోథికేషనే. రెండూ సర్ఫేసీ పరిధిలోవే.

కానీ ఒకరు తమది కాని సరుకును హామీగా పెట్టలేరు. మన మిల్లుల్లో ఇది చాలా పెద్ద విషయం. సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) కింద పౌరసరఫరాల సంస్థ రైతుల దగ్గర కొన్న ధాన్యాన్ని మిల్లుకు మరపట్టడానికి ఇస్తుంది. క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. ఆ ధాన్యానికి మిల్లు కాపలాదారే గానీ యజమాని కాదు. కాబట్టి బ్యాంకు హైపోథికేషన్ దాన్ని తాకదు. ఒకే షెడ్డులో పక్కపక్కన రెండు లాట్లు ఉంటాయి. ఒకటి మిల్లు డబ్బు పెట్టి కొన్నది, ఒకటి ప్రభుత్వానిది. చూడ్డానికి రెండూ ఒకటే గోనె సంచులు. బ్యాంకు అధికారి తనిఖీకి వచ్చినప్పుడు ఆ రెండో లాటును కూడా స్టాక్ స్టేట్‌మెంట్‌లో చూపిస్తే, అప్పు తీర్చకపోవడం అనే సివిల్ గొడవ కాస్తా మోసం కేసు అయ్యే ప్రమాదం ఉంది. రిజిస్టర్లు వేరుగా రాసుకోవడం, లాట్లు విడిగా వేసి బోర్డు పెట్టుకోవడం మిల్లు ఓనరుకే రక్ష.

నిల్వలతో పాటు రావాల్సిన బాకీలు కూడా ఆస్తే. బియ్యం కొన్న హోల్‌సేల్ వ్యాపారి ఇంకా కట్టని బిల్లు మీద బ్యాంకుకు హక్కు రాసిస్తే, బ్యాంకు ఆ వ్యాపారికే నేరుగా నోటీసు ఇచ్చి డబ్బు తనకు కట్టమనవచ్చు. పేటెంటు, ట్రేడ్‌మార్కు, లైసెన్సు, ఫ్రాంచైజీ వంటి చేతికి తగలని ఆస్తులూ ఈ చట్టంలో ఆస్తులే. ఇక బిల్లును హామీగా పెట్టకుండా ఏకంగా అమ్మేస్తే అది ఫ్యాక్టరింగ్. దానికి 2011లో ప్రత్యేక చట్టం వచ్చింది, 2021లో సవరించారు. చిన్న పరిశ్రమల బిల్లులు ఆన్‌లైన్‌లో వేలానికి పెట్టే ట్రెడ్స్ వేదికలు నడిచేది ఈ దారిలోనే.

బంగారం ఎందుకు రాదు

బంగారం లోన్ సర్ఫేసీ కిందికి రాదు. అది కుదువ, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 172. సర్ఫేసీ సెక్షన్ 31 కుదువను పేరు పెట్టి మినహాయించింది. కారణం తేలికే. స్వాధీనం చేసుకునే అధికారం అవసరమయ్యేది వస్తువు అవతలివాళ్ల దగ్గర ఉన్నప్పుడు. నగలు ఇప్పటికే బ్యాంకు లాకర్లో ఉన్నాయి. గడువు దాటితే తగిన నోటీసు ఇచ్చి అమ్ముకునే హక్కు సెక్షన్ 176 ఎప్పటినుంచో ఇస్తోంది. ఆ నోటీసు లేకుండా వేలం వేస్తే మాత్రం అది చెల్లదని పోట్లాడవచ్చు.

ఇదే తర్కం గోడౌన్‌కూ వర్తిస్తుంది. బ్యాంకర్లు కీ లోన్ అనే పద్ధతిలో గోడౌన్‌కు తాళం బ్యాంకు వేస్తుంది, అప్పు కట్టిన మేరకే బస్తాలు వదులుతుంది. సరుకు అదే, మిల్లు అదే, తాళం చెవి చేతులు మారేసరికి హైపోథికేషన్ కుదువ అయింది, ఒక చట్టం నుంచి ఇంకో చట్టంలోకి వెళ్లింది. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో బాండ్ల మీద ఇచ్చే అప్పులూ ఈ కోవవే. గిడ్డంగుల నియంత్రణ సంస్థ దగ్గర నమోదైన గోడౌన్ రసీదైతే చేతులు మార్చి హామీగా పెట్టుకునే విలువ దానికి చట్టమే ఇస్తుంది. ఎవరి పేరూ ఊరూ తెలియని గోడౌన్ చీటీకి ఆ బలం లేదు.

డిపాజిట్ల మీద బ్యాంకుకు ఉండే లియన్ (బాకీ తీరేదాకా పట్టి ఉంచుకునే హక్కు), సరుకు అమ్మి డబ్బు అందనివారికి ఉండే హక్కు, ఓడలు, విమానాల మీద హామీలు కూడా సెక్షన్ 31 మినహాయింపులే. లక్ష రూపాయలు మించని అప్పు, అసలు వడ్డీ కలిపి 20 శాతం కన్నా తక్కువే మిగిలిన అప్పు సైతం దీని పరిధిలో లేవు. ఫైనాన్స్ కంపెనీ అయితే ఆస్తులు కనీసం 100 కోట్లు ఉండాలి, అప్పు 20 లక్షలకు తగ్గకూడదు. ఈ 20 లక్షల గీత 2021లో వచ్చింది, అంతకు ముందు 50 లక్షలు. సహకార బ్యాంకులకు ఈ చట్టం వర్తిస్తుందా అన్న వాదనను 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం వర్తిస్తుందని తేల్చేసింది.

పొలం తాకట్టు: సగం తెలిసిన నిజం

వ్యవసాయ భూమి జోలికి బ్యాంకు రాలేదని ఊళ్లలో చాలామంది నమ్ముతారు. అందులో సగమే నిజం. వ్యవసాయ భూమి మీద పెట్టిన హామీని సర్ఫేసీ నుంచి మినహాయించారన్నది వాస్తవం. కానీ ఆ తాకట్టు చెల్లకుండా పోదు. బాకీ 20 లక్షలకు తగ్గకపోతే బ్యాంకు డీఆర్‌టీలో, తక్కువైతే సివిల్ కోర్టులో కేసు వేసి ఆ పొలాన్నే అమ్మించవచ్చు. మినహాయింపు వల్ల దక్కేది కొంత సమయం, వాదన చెప్పుకునే అవకాశం. అది చిన్న విషయం కాదు, అలాగని పూర్తి రక్షణా కాదు.

పైగా వ్యవసాయ భూమి అంటే ఏది? పాస్‌బుక్‌లో, పహాణీలో అలా రాసి ఉంటే చాలా? చాలదని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. 2018లో గోవాలో హోటల్ కోసం హామీ పెట్టిన భూముల కేసులో, రెవెన్యూ రికార్డులో ఉన్న పేరు ఒక్కటే ఆధారం కాదంది. 2023 జనవరిలో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో మరింత స్పష్టంగా చెప్పింది. తాకట్టు పెట్టే నాటికి ఆ భూమిలో నిజంగా సేద్యం జరుగుతోందని నిరూపించాల్సిన భారం అప్పు తీసుకున్నవారిదే. మిల్లు వెనక ఎకరం ధాన్యం ఆరబోసే కళ్లంగా వాడుతూ, నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పు) చేయించలేదు కాబట్టి అది పొలమే అని వాదిస్తే నిలబడటం కష్టం. నిజంగా వరి పండిస్తున్న భూమైతే పంట ఫొటోలు, ఎరువుల బిల్లులు, పంట రుణం పత్రాలు, ధాన్యం అమ్మిన రసీదులు ఏళ్లవారీగా దాచుకోవాలి.

పేరు మార్చితే అప్పు మారుతుందా

లారీ దగ్గరికి వద్దాం. పాత రోజుల్లో ఫైనాన్స్ కంపెనీలు బండి మాదే, అద్దెకిచ్చాం, వాయిదాలన్నీ కట్టాక మీకు అమ్ముతాం అని హైర్ పర్చేజ్ కాగితాలు రాసుకునేవి. కాగితం ప్రకారం అది అప్పు కాదు, అద్దె. 1965లో సుందరం ఫైనాన్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ పై పొరను తీసి చూసింది. బండి కొన్నది వాడుకునేవాడే, కంపెనీ ఇచ్చింది డబ్బే, ఆ కాగితాలు అప్పు వసూలు కోసం పెట్టుకున్న హామీ మాత్రమే అని తేల్చింది. సర్ఫేసీ కూడా మొదట్లో అద్దె, లీజు ఒప్పందాలను బయట పెట్టింది. 2016 సవరణతో అప్పు హామీగా యాజమాన్యం తన దగ్గరే ఉంచుకునే ఆర్థిక లీజు, హైర్ పర్చేజ్ కూడా లోపలికి వచ్చాయి. మామూలు హైపోథికేషన్ అయితే ఆర్‌సీ మీద ఆ ఎంట్రీ పడుతుంది. అప్పిచ్చినవారి సమ్మతి లేకుండా బండిని వేరేవారి పేరు మీదికి మార్చలేరు. అయితే ఏ పద్ధతిలో అప్పిచ్చినా, రోడ్డు మీద మనుషుల్ని పెట్టి బలవంతంగా బండి లాక్కునే హక్కు ఎవరికీ లేదు.

అమెరికాలో ఈ చిక్కును ముందే ఊహించారు. అక్కడి యూనిఫాం కమర్షియల్ కోడ్‌లోని ఆర్టికల్ 9 ఒప్పందానికి ఏ పేరు పెట్టినా సరే, చరాస్తి మీద హామీ పుట్టిందంటే తన కిందికే తెచ్చుకుంటుంది. లీజు అని రాసి, చివర్లో నామమాత్రపు ధరకు మీదే అని ఉంటే చాలామటుకు అది లీజు కాదు, హామీ అప్పే. వ్యాపార బాకీలను పూర్తిగా అమ్మేసినా ఆర్టికల్ 9 వర్తిస్తుంది. భూమి తాకట్టు, జీతాల మీద హక్కు లాంటివి దాని బయట ఉంటాయి. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో గ్యాస్ స్టేషన్, మోటెల్ నడిపే మనవాళ్లు అప్పు తీసుకుంటే వ్యాపారంలోని ఆస్తులన్నింటి మీదా యూసీసీ-1 అనే ఫైలింగ్ రాష్ట్ర రికార్డులో పడటం మామూలు. అది అయిదేళ్లు ఉంటుంది. అప్పు తీరగానే దాన్ని రద్దు చేయించుకోకపోతే తర్వాత ఇచ్చే బ్యాంకు వెనకాడుతుంది. రేపటి అమ్మకాల్లో వాటా ముందే కొంటున్నాం అంటూ డబ్బిచ్చే సంస్థల విషయంలోనూ అక్కడి కోర్టులు చూసేది అమ్మకాలు పడిపోతే నష్టం ఎవరిదని. ఎలాగైనా కట్టాల్సిందే అంటే అది అప్పే.

మన దగ్గర ఈ సూత్రం పూర్తిగా వేళ్లూనలేదు. దాని వల్ల ఎక్కువగా నష్టపోయేది బ్యాంకు దాకా వెళ్లలేని చిన్నవాళ్లు. బయట అప్పుకు సేల్ అగ్రిమెంట్ రాసివ్వడం, ఇంకొంచెం పెద్ద మొత్తమైతే ఏకంగా రిజిస్ట్రేషన్ చేసేయడం రెండు రాష్ట్రాల్లోనూ రోజూ జరిగేదే. డబ్బు కట్టగానే తిరిగి రాసిస్తామని నోటి మాట, లేదా విడిగా ఒక కాగితం. 1929లో ఆస్తి బదలాయింపు చట్టానికి చేర్చిన నిబంధన ఏమంటుందంటే, తిరిగి రాసివ్వాలన్న షరతు అదే దస్తావేజులో ఉంటేనే అది షరతుతో కూడిన తాకట్టు. విడిగా ఉంటే చట్టం దృష్టిలో అది అమ్మకమే. యాభై లక్షల పొలం పది లక్షల అప్పుకు పోయేది ఈ ఒక్క వాక్యం దగ్గరే. సేల్ అగ్రిమెంట్ అయితే దానికదే భూమి మీద హక్కు ఇవ్వదు గానీ, అమ్మకం పూర్తి చేయమని దావా వేసే వీలు ఇస్తుంది. ఇద్దరి మధ్యా ఉన్నది అప్పేనని నిరూపించడానికి వడ్డీ కట్టిన రసీదులు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు, ఫోన్ మెసేజీలు తప్ప వేరే దిక్కు ఉండదు. భూమి అప్పుకు హామీగా ఇవ్వాలంటే తాకట్టు అనే రాసి, తాకట్టుగానే రిజిస్టర్ చేయండి. ఖర్చు తగ్గుతుందని, తొందరగా డబ్బు వస్తుందని అమ్మకం కాగితం మీద సంతకం చేయకండి.

సంతకం ఒక్కటే ఉంటే

భార్య, తమ్ముడు పెట్టింది ష్యూరిటీ సంతకం. అది మనిషి ఇచ్చిన మాట, ఏ ఆస్తి మీదా హక్కు కాదు. ఆ సంతకం ఒక్కదాన్ని పట్టుకుని సర్ఫేసీ కింద తమ్ముడి ఇల్లు స్వాధీనం చేసుకోలేరు. కేసు వేసి డిక్రీ తెచ్చుకోవాలి. అదే తమ్ముడు తన ఇంటి దస్తావేజులు కూడా అప్పగించి ఉంటే కథ మారుతుంది. చట్టంలో అప్పు తీసుకున్నవారు అన్న మాటలో జామీనుదారులూ ఉన్నారు, 60 రోజుల నోటీసు నేరుగా ఆయనకే వస్తుంది. ముందే తీసుకున్న చెక్కులు, ఆస్తి అమ్మను అని రాసిచ్చిన హామీ పత్రం కూడా ఆస్తి మీద హక్కును పుట్టించవు.

నమోదు లేని హక్కు

హామీ సరిగ్గా రాసుకున్నా నమోదు చేయకపోతే బలం సగానికి పడిపోతుంది. 2020 జనవరి 24 నుంచి అమల్లోకి వచ్చిన సర్ఫేసీ నాలుగో-ఏ అధ్యాయం ప్రకారం సెర్సాయ్‌లో నమోదు కాని హామీ మీద ఆ చట్టం కింద స్వాధీనం, వేలం కుదరవు. నమోదైతే పన్ను బాకీల కన్నా ముందు వరస దక్కుతుంది. కంపెనీ అయితే కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర 30 రోజుల్లో ఛార్జి, అంటే ఆస్తి మీద ఇచ్చిన హామీ హక్కు నమోదు చేయాలి. చేయకపోతే దివాలా నాడు ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేటర్ ఆ హామీని లెక్కలోకి తీసుకోరు. దివాలా ప్రక్రియ మొదలైతే 2016 నాటి దివాలా చట్టం ఐబీసీ మిగతావాటిని పక్కకు నెడుతుంది, మారటోరియం (వసూలు చర్యలపై తాత్కాలిక నిలుపుదల) వచ్చాక సర్ఫేసీ వేలాలు కూడా ఆగిపోతాయి.

సెర్సాయ్‌లో వెతకడానికి బ్యాంకు ఉద్యోగే కానక్కర్లేదు, కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా ఆస్తి వివరాలతో చూసుకోవచ్చు. స్థలం కొనేవాళ్లు ఈసీతో పాటు అదీ తీయించాలి. అప్పు పూర్తిగా కట్టినవాళ్లు నో డ్యూస్ సర్టిఫికెట్, ఒరిజినల్ దస్తావేజులు తెచ్చుకుని ఊరుకుంటారు. సెర్సాయ్‌లో హామీ తీరిపోయినట్టు నమోదైందా, ఆర్‌సీలో ఎంట్రీ తీశారా, కంపెనీ అయితే రిజిస్ట్రార్ రికార్డులో ఛార్జి మూసివేశారా అన్నవి మూడూ విడివిడిగా అడిగి చేయించుకోవాలి.